మా అత్తయ్య క్షమించలేదు

మా అత్తయ్య పోయారు. మీలో కొందరు ఈపాటికి పేపర్లో చూసే ఉంటారు. జిల్లా పేజీలో అడుగున, బట్టల షాపు ప్రకటన పక్కన, ఆకుపచ్చ పట్టుచీరలో ఆవిడ ఫొటో వేశారు. కింద 'క్షమాగుణానికి మారుపేరు, అందరినీ ఆదరించిన అన్నపూర్ణ' అని రాశారు. ఆ ప్రకటన మేం ఇచ్చింది కాదు. ఆవిడ మరిది ఇచ్చాడు. నా భర్తకి బాబాయి, నాకు చినమావయ్య. భవానీపురంలో మెయిన్ రోడ్డు నుంచి మా వీధి మలుపు దాకా ఫ్లెక్సీలు కూడా కట్టించాడు. వాటి మీదా అదే మాట. మూలన దండం పెడుతూ ఆయన ఫొటో. పోయింది ఆవిడో ఆయనో తెలియనంత పెద్ద ఫొటో.

అన్నపూర్ణ అన్నంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఆవిడ చేతి అన్నం తినకుండా మా గడప దాటి వెళ్లినవాళ్లు తక్కువ. క్షమాగుణం అన్నది మాత్రం పచ్చి అబద్ధం. మా అత్తయ్య ఎవర్ని క్షమించినా క్షమించకపోయినా, ఆ ప్రకటన ఇచ్చిన మనిషిని మాత్రం క్షమించలేదు. పోయినవాళ్లలో మంచినే తలుచుకోవాలని పెద్దలంటారు కాబట్టి ఆ మంచినే తలుచుకుంటున్నాను. ఆవిడలో నేను చూసిన గుణాలన్నిటిలోకీ నాకు ప్రాణం పోసింది ఆ కోపమే.

చినమావయ్య ఈ పత్రిక తెప్పించుకుంటాడు. ఆదివారం కాఫీ తాగుతూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. అది తెలిసే రాస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతాను. మా కాలేజీలో పొద్దున మొదలుపెడితే సాయంత్రం స్టడీ అవర్లు అయ్యేదాకా నిలబడే ఉండాలి. కుర్చీ వేసుకుంటే కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు. పెళ్లైన రెండేళ్లకి కడుపుతో ఉన్నప్పుడు నడుం దగ్గర పూస జరిగి, కుడికాలు మడమ దాకా లాగడం మొదలుపెట్టింది. మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. అప్పటికే మా మావయ్యగారు పోయారు, ఇంటికి పెద్దదిక్కు చినమావయ్యే. గవర్నర్‌పేటలో ఆయనకి మందుల షాపు ఉంది. బంధువులందరూ ఆయన్ని 'డాక్టర్ బాబాయ్' అంటారు. జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా, పెళ్లి కుదిరినా ముందు ఆయనకే చెబుతారు. డాక్టరు రాసిన చీటీ కన్నా ఆయన చూసి తలూపితేనే మా వాళ్లకి ధైర్యం.

నాకూ ఆయనే ఇచ్చాడు. రేకు లోంచి కత్తిరించిన తెల్లటి మాత్రలు, పేరు కనపడకుండా, చిన్న కాగితపు కవర్లో. "కడుపుతో ఉన్నవాళ్లకి కూడా ఇవ్వొచ్చమ్మా, నేనివ్వడంలా?" అన్నాడు. వేసుకున్న అరగంటకి నొప్పి ఎటుపోయిందో పోయేది. కాసేపు ప్రపంచమంతా మంచివాళ్లే ఉన్నట్టుండేది. ఒకసారి ఆయన ఏదో పెళ్లికి ఊరెళ్లి షాపు మూసేస్తే నాకు మాత్రలు అందలేదు. ఆ పూటకే ముక్కు కారడం, ఆవలింతలు, చెమటలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం. తిరిగొచ్చాక చెబితే నవ్వి, "చూశావా, మానేస్తే ఎలా ఉంటదో. అందుకే మానకూడదు," అని ఇంకాస్త ఎక్కువ ఇచ్చాడు. కాన్పు చేసే డాక్టరమ్మ ఇంకేమన్నా వాడుతున్నావా అని అడిగితే, నడుం నొప్పికి మా మావయ్యగారు మాత్రలిస్తున్నారు అని చెప్పాను. ఆవిడ అవి మామూలు జ్వరం మాత్రలనుకున్నారు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందుకని పురుడు అత్తయ్యే పోశారు. పాప పుట్టింది. బుగ్గలు, జుట్టు, అరిచేతి గీతలు అన్నీ చూసుకుని, "మా అత్తగారి ముక్కు. ఇంకెక్కడికి పోతావే ముసలిదానా," అని ముద్దు పెట్టుకున్నారు. మూడోనాటికి ఇంటికొచ్చాం. ఆ సందెవేళ మొదలైంది ఏడుపు.

పసిబిడ్డల ఏడుపు మీరందరూ వినే ఉంటారు. ఇది అది కాదు. సన్నగా, పైకి, తెగకుండా, చెవిలో సూది దింపినట్టు ఉండేది. ఒళ్లంతా వణుకు. చేతులు గట్టిగా బిగుసుకుపోయి విప్పితే విడిపోయేవి కావు. ఆకలితో గుప్పిళ్లు నాకేసేది గానీ, రొమ్ము అందిస్తే పట్టేది కాదు. వరసగా తుమ్ములు, ఆవలింతలు. నీళ్ల విరేచనాలకి పిర్రల మీది చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా అయింది. నేను మంచం మీద కూర్చుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

పక్కింటివాళ్లు వచ్చి చూసి పక్షి దోషం అన్నారు. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పసిబిడ్డ గుడ్డలు సందెవేళ దాటాక ఆరుబయట ఉండకూడదంటారు. గూళ్లకి చేరే పక్షుల నీడ వాటి మీద పడితే, ఆ గుడ్డలు కట్టిన బిడ్డ పాలు తాగకుండా, వణికిపోతూ, పక్షిలా అరుస్తూ నీరసించిపోతుందని నమ్మకం. మాది కృష్ణ ఒడ్డుకి దగ్గర. సాయంత్రమైతే డాబా మీదుగా కొంగలు బారులు తీరి పోతాయి. ఆ రోజు అత్తయ్య నాకు పథ్యం వండే హడావుడిలో పొత్తిగుడ్డలు దండెం మీదే వదిలేశారు. ఆ మాట గుర్తొచ్చి ఆవిడ డాబా మీదికి పరిగెత్తి గుడ్డలన్నీ గుండెకి హత్తుకుని కిందికొచ్చారు. "నేనే చంపుకుంటున్నాను, నా చేతుల్తో నేనే," అని గోడకేసి తల కొట్టుకున్నారు. అంత నిబ్బరం గల మనిషిని అలా చూడటం నాకదే మొదటిసారి.

చినమావయ్యకి కబురు పెట్టారు. వచ్చాడు. బిడ్డ చెయ్యి పట్టుకుని చూశాడు. కాలు చూశాడు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "అవును వదినా, పక్షి దోషమే. గుడ్డలు బయటుంచావంట కదా. సాంబ్రాణి వెయ్యి. రేపు ఎవరిచేతన్నా మంత్రం పెట్టిద్దాం. ఆసుపత్రులకి తిప్పబాకండి, వాళ్లకిది తెలవదు," అన్నాడు.

గది నిండా పొగ వేశారు. ఆ పొగకి పాపకి ఊపిరి కూడా అందకుండా పోయింది. తెల్లారేసరికి నా భర్త ఎవరి మాటా వినకుండా ఆటో పిలుచుకొచ్చాడు. పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డని చూస్తూనే లైట్లు తగ్గించమన్నారు. మెత్తటి గుడ్డలో చేతులూ కాళ్లూ కదలకుండా చుట్టించారు. ఫిట్స్ కాదని, రక్తంలో ఏ లోపమూ లేదని తేల్చుకున్నాక మమ్మల్ని కూర్చోబెట్టారు.

"కడుపులో ఉన్నన్నాళ్లూ ఈ పాపకి తల్లి ద్వారా ఏదో మందు అందింది. బొడ్డు కోశాక ఒక్కసారిగా ఆగిపోయింది. పాప ఒళ్లు ఆ మందు కోసం అల్లాడుతోంది. ఏం వాడారమ్మా మీరు?"

నేను చెప్పబోయేలోగా, మా వెంటే ఆసుపత్రికి వచ్చి వెనకాల నిలబడ్డ చినమావయ్య అందుకున్నాడు. "ఏం వాడలేదండీ. ఐరన్ మాత్రలు, కాల్షియం. అన్నీ నేనే దగ్గరుండి ఇచ్చాను."

"కాదండీ, నడుం నొప్పికి తెల్ల మాత్రలు..." అన్నాను.

"అవి కాల్షియమేనమ్మా. బాలింత కదండీ, ఏదేదో అంటది," అని డాక్టరమ్మతో నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. నా కంటిపాపలు చూశారు, చేతి మీద లేచిన రోమాలు చూశారు. కాన్పు హడావుడిలో నాకూ మాత్రలు అందలేదు. నాకొస్తున్న వణుకంతా బాలింత వణుకే అనుకున్నాం. "ఇద్దరికీ ఒకటే జబ్బు. అది నల్లమందు జాతి మందు. నొప్పికి మంచిదే, కానీ అలవాటైపోతుంది. ఇందులో మీ తప్పేం లేదమ్మా. ఎవరిచ్చారో వాళ్లకి మాత్రం తెలిసే ఉంటుంది," అన్నారు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక, మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు. "అమ్మాయ్, వీడు పక్షి దోషమన్నాడేంటి?"

నాకు అర్థం కాలేదు.

"నేను దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలూ దండగ వదినా అని నవ్వుతాడు. మీ మావయ్య పోయినప్పుడు కర్మకాండలన్నీ బూటకం అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక దేన్నీ నమ్మనివాడు, నిన్న ఒక్క పూట పక్షి దోషాన్ని ఎట్టా నమ్మాడు?"

ఆవిడకి అక్కడే అంతా తెలిసిపోయింది. బిడ్డ చెయ్యి పట్టుకున్న క్షణంలోనే ఆయనకి అదేమిటో తెలుసు. తెలిసి, తన మాత్రలు బయటపడకుండా ఉండటానికి, ఆవిడ దండెం మీద వదిలేసిన గుడ్డలకి అంటగట్టాడు. బిడ్డ ప్రాణం మీదికొచ్చినా ఫర్వాలేదనుకున్నాడు. వదిన బతికినంతకాలం మనవరాల్ని తానే చంపుకున్నానని కుమిలిపోయినా ఫర్వాలేదనుకున్నాడు. నేను మాత్రల సంగతి ఎప్పుడన్నా మర్చిపోతానేమో గానీ, సాంబ్రాణి వెయ్యమన్న మాటని మాత్రం చచ్చినా మర్చిపోను. ఆవిడా మర్చిపోలేదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పాపకి చుక్కలు చుక్కలుగా మందు వేసి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. నాకూ అలాగే తగ్గించారు. నా పాలు పట్టొచ్చని, పట్టాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. వెలుతురు, చప్పుడు తగలకుండా ఒంటికి ఆనించుకుని ఉండటమే పెద్ద మందు అన్నారు. ఆ మాట అత్తయ్య శాసనంలా పట్టుకున్నారు. పాపని తన గుండె మీద పడుకోబెట్టుకుని, పాత నేతచీర కప్పుకుని, కిటికీకి దుప్పటి కట్టిన గదిలో రాయిలా కూర్చునేవారు. నేను పాలిచ్చే వేళ తప్ప బిడ్డని కిందికి దించేవారు కాదు. చప్పుడవుతాయని నా గాజులు తీయించారు. గజ్జెల గిలకలు పట్టుకొచ్చిన బంధువుల్ని గుమ్మంలోంచే పంపేశారు.

ఇంటికొచ్చాక వీధి మొత్తానికి ఆవిడే పోలీసు. ఉల్లిపాయల ఆటో మైకు పెట్టుకుని వస్తే వీధి మొదట్లోనే ఎదురెళ్లి, "నాయనా, మైకు కట్టేయ్. నీ ఉల్లిపాయలన్నీ నేనే తీసుకుంటా," అనేవారు. ఆ నెలంతా మా ఇంట్లో అన్ని కూరల్లోనూ ఉల్లిపాయలే. ఎదురింటావిడ కుక్కరు విజిల్ కూడా ఆపించారు. ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది. "మీ అత్తగారికి భయపడి పప్పు గిన్నెలో ఉడకేసుకున్నామమ్మా" అని.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక మంచి నాయనమ్మ కథ. నేను చెప్పాల్సింది అది కాదు.

మేం ఇంటికొచ్చిన వారానికి చినమావయ్య ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. హాల్లో కూర్చున్నారు. నా భర్త తలొంచుకుని ఎదురుగా కూర్చున్నాడు. నేను లోపలి గదిలో పాపకి పాలిస్తూ అంతా విన్నాను. "కాలేజీ హాస్టళ్లలో ఇవన్నీ మామూలేనంట. అమ్మాయికి చదువుకునేటప్పటి నుంచే ఈ మత్తు అలవాటు ఉండి ఉంటది. దాచిపెట్టి పెళ్లి చేశారు. ఇప్పుడు గొడవెందుకు గానీ, కొన్నాళ్లు వాళ్ల నాన్న దగ్గర ఉంచి మాన్పిద్దాం. పిల్లకి మాత్రం ఆ పాలు పట్టబాకండి. పిల్ల మన ఇంటి బిడ్డ, మన దగ్గరే ఉంటది," అన్నాడు. పెద్దమనుషులు తలలూపారు. ఎంత తీయగా అన్నాడో. తల్లినీ బిడ్డనీ విడదీసే మాట అంత తీయగా అనొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అత్తయ్య వంటింట్లోంచి కాఫీలు తెచ్చారు. అందరికీ ఇచ్చారు. ఆయన చెయ్యి చాచాడు.

"నీకు లేదయ్యా," అన్నారు.

"ఏంటి వదినా?"

"నా చేత్తో నీకు మంచినీళ్లు కూడా లేవు. నీ చేత్తో నా కోడలికేం ఇచ్చావో ముందు చెప్పు."

"వదినా, నువ్వు ఆవేశపడుతున్నావ్. ఇది పరువు సంగతి."

"నా కోడలు ఎక్కడికీ వెళ్లదు. నా మనవరాలు దాని ఒళ్లోంచి దిగదు. వెళ్లాల్సినవాళ్లెవరో వాకిట్లో చెప్పులున్నాయి, తొడుక్కోండి."

నా భర్త కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి, లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు మాట్లాడలేకపోయినా, మనిషికి పక్కన కూర్చోవడం తెలిసింది, అదే పదివేలు.

చినమావయ్య వెళ్లిపోయాడు గానీ ఊరుకోలేదు. ఆ కోడలికి మత్తు అలవాటుందట అన్న మాట మా బంధువర్గమంతా పాకింది. కంకిపాడు నుంచి ఒకరు ఫోన్ చేసి, "ఎప్పటి నుంచి అమ్మా?" అని జాలిగా అడిగారు. ఏలూరు కాలవ గట్టు మీదుండే మా ఆయన వేలువిడిచిన మేనత్త పాపని చూడ్డానికొచ్చి, పాప కన్నా నా కళ్లనే ఎక్కువ చూసి వెళ్లింది. కాలేజీకి కూడా చేరింది. ప్రిన్సిపాల్ సెలవు పొడిగించుకోమని మర్యాదగా చెప్పాడు.

అప్పుడు మా అత్తయ్య బారసాల పెట్టుకున్నారు. మా వైపు బారసాలకి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఆవిడ భర్త లేని మనిషి, బొట్టు పెట్టకూడదంటారు. ఎవర్ని తీసుకెళతారా అనుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం వెనక వాకిట్లోంచి చిన్నత్తయ్య వచ్చింది. చినమావయ్య భార్య, మా అత్తయ్యకి తోడికోడలు. ఇరవై ఏళ్లుగా వాళ్లిద్దరూ పచ్చడి జాడీల దగ్గర్నుంచి పొలం గట్ల దాకా అన్నిటికీ పోట్లాడుకున్నవాళ్లే. చీర కొంగులోంచి సగం వాడిన మాత్రల రేకు తీసి అత్తయ్య చేతిలో పెట్టింది.

"అక్కా, మోకాళ్ల నొప్పులకి నాకూ ఇవే ఇస్తన్నాడు. ఒక పూట వేసుకోకపోతే ఒళ్లు పీక్కుపోయిద్ది. నీ మనవరాలు ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. నేనూ లోపల అట్టాగే ఏడుస్తన్నా," అంది.

డాక్టరమ్మ ఆ రేకు చూసి అదే మందని చెప్పారు. మర్నాటి నుంచి తోడికోడళ్లిద్దరూ ఆటో మాట్లాడుకుని పిలుపులకి బయల్దేరారు. చిన్నత్తయ్య చేతిలో కుంకుమ భరిణె. ఒక్క ఇల్లు వదల్లేదు. భవానీపురం, గవర్నర్‌పేట, వన్ టౌన్, అక్కణ్నుంచి ఉయ్యూరు, గుడివాడ వైపు పల్లెలు. చిన్నత్తయ్య మాట్లాడేది కాదు. బొట్టు పెట్టేది, పక్కకి జరిగేది. అప్పుడు మా అత్తయ్య చెప్పేవారు. "మా మనవరాలి బారసాలమ్మా, అందరూ రావాలి. పిల్ల పుట్టగానే మత్తు మందు కోసం గిలగిల్లాడింది. ఆ మందు నా కోడలికి మా మరిది అలవాటు చేశాడు. ఇదిగో రేకు. మీ ఇంట్లో ఇవి ఉంటే ఆసుపత్రికి పట్టుకెళ్లి చూపించుకోండి. ఒక్కసారిగా మాత్రం మానబాకండి, ప్రాణం మీదికొస్తది. భోజనాలు పన్నెండింటికి."

కుంకుమతో వచ్చిన మాటని ఎవరూ కాదనలేరు. గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసుకోలేరు. పైగా బొట్టు పెట్టింది ఆయన సొంత పెళ్లామాయె! ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు లోపలికెళ్లి అలమర తెరిచి, రేకులు తెచ్చి, "ఇవేనా వదినగారూ?" అని అడిగారో చెబితే మీరు నమ్మరు. తల నొప్పికి, నెలసరి నొప్పికి, కలుపు తీసి వచ్చాక నడుం నొప్పికి అందరికీ ఆ డాక్టర్ బాబాయే.

బారసాలకి ఆయనా వచ్చాడు. రాకపోతే ఒప్పుకున్నట్టవుతుందని. సిల్కు చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పేరు పెట్టే ముందు అత్తయ్య పాపని ఎత్తుకొచ్చి ఆయన ఎదుట నిలబడ్డారు. "ఇంటికి పెద్దవాడివి, ఆశీర్వదించు. ముందు ఈ పిల్లకి నువ్వేమిచ్చావో ఇంతమందిలో చెప్పి, తర్వాత అక్షింతలు వెయ్యి." ఆయన అక్షింతలు చేతిలోనే పట్టుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో పెట్టిన పూర్ణాలంత రుచైనవి నేను మళ్లీ తినలేదు. ఆయన తినకుండా వెళ్లాడన్న రుచి కూడా అందులో ఉంది, దాచను.

రేకు అధికారుల దాకా కూడా వెళ్లింది. షాపు షట్టరు కొన్నాళ్లు దిగింది. తర్వాత కొడుకు పేరు మీద, పాత బోర్డుకి రెట్టింపు బోర్డుతో మళ్లీ తెరుచుకుంది. "పెద్ద లైట్లు పెట్టించాడంట. మంచిదే, మొహం బాగా కనపడుద్ది," అన్నారు అత్తయ్య. న్యాయం జరిగిపోయిందని నేను చెప్పను. జరగలేదు. జరగలేదు కాబట్టే ఆవిడ కోపం బతికి ఉండాల్సొచ్చింది.

ఆ కోపాన్ని ఆవిడ ఎంత శుభ్రంగా పెట్టుకున్నారంటే, పన్నెండేళ్లలో ఒక్కరోజు కూడా గొంతు పెంచి తిట్టింది లేదు. ఏవన్నా పెళ్లిలో ఆయన బఫే దగ్గర ప్లేటు పట్టుకుంటే ఈవిడ నెమ్మదిగా వెళ్లి పక్కన నిలబడేవారు. "పిల్లకేమిచ్చావో గుర్తొచ్చిందా?" అని అడిగి గారె వేసుకుని వచ్చేసేవారు. అంతే. ఆయన ప్లేటు అక్కడే వదిలేసేవాడు. తన బీపీ మాత్రల కోసం ఆవిడ గవర్నర్‌పేట దాటి బెంజి సర్కిల్ దాకా బస్సులో వెళ్లేవారు గానీ, ఆయన షాపు ఉన్న వైపు ఫుట్‌పాత్ కూడా తొక్కలేదు.

మధ్యలో నేనే మెత్తబడ్డాను. పాప బాగా పెరుగుతోంది, బళ్లో పరుగు పందాలకి కూడా వెళుతోంది, ఇంకెందుకీ పగ అనిపించింది. ఒక వేసవిలో ఆవకాయ కలుపుతున్నప్పుడు ఆ మాటే అన్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని, అప్పుడు చెప్పారు. "నీకు మర్చిపోవాలనుంటే మర్చిపో అమ్మాయ్, సుఖం. కానీ వాడు ఒప్పుకోకుండా క్షమిస్తే, నీకు మత్తు అలవాటుందన్న మాట నిజమైపోద్ది. కోపానికి తడి చెయ్యి తగలనివ్వబాక. బూజు పడుద్ది." తర్వాత జాడీలో ముక్కలు వేస్తూ ఇంకో మాట కూడా అన్నారు. "నేను పోయాక నా పేరు చెప్పి వీడు మంచోడైపోతాడు చూడు."

చూశాను. పెద్దకర్మ రోజు చూశాను.

ఫంక్షన్ హాల్లో భోజనాలకి ముందు ఆయన మైకు తీసుకున్నాడు. ఇప్పుడు జుట్టంతా నెరిసింది, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం అదే తేనె. "మా మధ్య ఎన్నో అపార్థాలు వచ్చాయి. కానీ మా వదిన మనసు వెన్న. ఆసుపత్రిలో ఆఖరి రోజున నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అన్నీ మర్చిపోయానయ్యా అంది. ఆ స్పర్శ ఇంకా ఈ చేతిలో ఉంది," అని చెయ్యెత్తి చూపించాడు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. పన్నెండేళ్ల కిందట అలమరలోంచి రేకులు తెచ్చి చూపించినవాళ్లే. చిన్నత్తయ్య మాత్రం లేచి చేతులు కడుక్కునే వైపు వెళ్లిపోయింది.

మైకు నేనూ అడిగి తీసుకోవచ్చు. కానీ ఆ హాల్లో ఉన్నవాళ్లు కొద్దిమంది. ఈ పత్రిక చదివేవాళ్లు అంతకన్నా చాలామంది. అత్తయ్య ఉంటే ఇలాగే లెక్కేసేవారు.

ఆఖరి రోజున ఆ గదిలో ఏం జరిగిందో చెబుతాను. మధ్యాహ్నం వేళ. అత్తయ్యకి గుండె బలహీనపడి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగి మాట్లాడుతున్నారు. మంచానికి గోడ వైపు చిన్న సందులో నా కూతురు స్టూలు వేసుకుని కూర్చుంది. నేను కాళ్ల దగ్గర ఉన్నాను. ఆయన కొబ్బరిబొండాం పట్టుకుని వచ్చాడు. రెండోవైపు కుర్చీలో కూర్చున్నాడు.

"వదినా, అయిందేదో అయింది. క్షమించానని ఒక్క మాట అను."

ఆవిడ కళ్లు తెరిచారు. చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు. "ఏమిచ్చావో... చెప్పు. ఈ పిల్ల ఎదురుగా... దాని తల్లి తప్పు లేదని చెప్పు."

చెప్పేస్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. వయసు మీద పడింది, చావు ఎదురుగా ఉంది, వినేది ముగ్గురం ఆడవాళ్లం. ఒక్క మాట చెబితే నా మీద పడ్డ మచ్చ నా కూతురి కళ్లముందు చెరిగిపోయేది. నేను ఆయన నోటికేసి చూస్తున్నాను.

ఆయన నా కూతురి వైపు చూశాడు. నేల వైపు చూశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు వదినా, చిన్నపిల్ల ముందు," అన్నాడు.

మా అత్తయ్య గోడ వైపు ఒత్తిగిల్లి మొహం తిప్పుకున్నారు. మళ్లీ ఇటు తిప్పలేదు. ఆయన దుప్పటి మీద చెయ్యి వేసి తడిమాడు. అక్కడ ఆవిడ చెయ్యి లేదు. కాసేపు దుప్పటి అంచునే పట్టుకుని కూర్చుని, బొండాం కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆవిడ చెయ్యి గోడ వైపు, దుప్పటి కింద, నా కూతురి చేతుల్లో ఉంది. అప్పటికి ఆ చెయ్యి విపరీతంగా వణుకుతోంది. నా కూతురు దాన్ని చున్నీలో చుట్టి, రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని, వణుకు ఆగేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆగాక కూడా వదల్లేదు.